తెల్లటి ముద్ద

వెండెల్ రే క్రెనెక్ అనే ముసలి రైతు, డార్లీన్ నడిపే తుపాకుల దుకాణంలో మొదట అడుగుపెట్టింది, టెక్సస్ ఇసుక నేలలో ఆయన నాటిన వేరుసెనగ విత్తును అడవిపందులు చాళ్ల వెంట తవ్వి తినేసిన మర్నాడు. ఆయన రోజూ వచ్చి, టోపీ తీసి, చీకట్లో ఒంటి వేడిని తెల్లగా చూపే దుర్భిణిని కంటికి ఆనించుకునేవాడు, అలసటగా దించేసేవాడు. అలా నాలుగు రోజులు గడిచాయి.

“పెద్దాయనా, మీరు తేల్చుకునేలోగా పందులు రెండో విత్తు కూడా మేసేస్తాయి!” అని డార్లీన్ నవ్వింది.

ఆయన నవ్వలేదు. “పోయినేడు ఇట్లాంటిదే అరువు తెచ్చానమ్మా. గడ్డిలో తెల్లటి ముద్ద కనబడితే కాల్చేశా. తీరా చూస్తే, మా ఆవు దాచుకున్న దూడ.”

డార్లీన్ ఉన్నవాటిలో అన్నిటికన్నా స్పష్టంగా చూపే దుర్భిణిని బల్లమీద పెట్టింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

“కొంటాలే. చూడ్డం నువ్వు చూడు తల్లీ, కాల్చడం నేను కాలుస్తా. ఇవాళ రాత్రికి వస్తావా?”