అన్న చెప్పుకు ఆరిన మంటల సుడి

ఈ రోజు మధ్యాహ్నం మా ఊరు సురంగల్‌లో మా అన్న జొన్నచేనులో మిగిలిన కొయ్యకాళ్లకు నిప్పు పెట్టాడు. గాలి ఎటు వీస్తుందో చూసే అలవాటు ఆయనకు లేదు. పక్కనుంచి గాలి కొట్టగానే మంట మెలితిరిగి, మనిషెత్తు సుడిగా లేచి, ఎడ్ల మేతకని వేసిన గడ్డివాము వైపు నడిచింది.

వేడికి గాలి పైకి లేస్తే, చుట్టూ ఉన్న గాలి తిరుగుతూ లోపలికి దూరుతుంది. సుడి సన్నబడే కొద్దీ వేగం పెరుగుతుంది. మావైపు మాత్రం సుడిలో దయ్యం ఉంటుందంటారు. నేను తడి గోనెసంచి అందుకునేలోపే అన్న "థూ, దయ్యమా!" అని చెప్పు విసిరాడు.

వాము ముందరి దున్నిన సాళ్లలో కాలడానికేమీ లేక సుడి చెదిరి ఆరిపోయింది.

"చూసినవా తమ్మీ! పట్నంల ధర్నాకాడ పోలీసుల లాఠీలకు జనం చెదురుతలేరు గని, నా ఒక్క చెప్పుకు దయ్యం ఉరికింది."

"దున్నిన సాలుకాడ ఆగిందన్నా. నీ చెప్పు కాలింది."

"మరి దయ్యం ఊకెనే పోతదా?"

రేపు వాముకు అవతలి చేనుచెక్కలో కొయ్యకాళ్లు కాలుస్తాడట. ముందు అటు కూడా దున్నుదామంటే ఎడ్లు అలిసిపోయాయన్నాడు. నా చెప్పులు మాత్రం సిద్ధంగా పెట్టమన్నాడు. మీరైతే ఇస్తారా?