కుడివైపు సీటు

నేను నడిపేది చిన్న విమానం. రెక్కలకు రెండు ఫ్యాన్లుంటాయి, డెబ్భై మంది దాకా పడతారు. హైదరాబాద్ నుంచి పెద్ద విమానాలు దిగలేని ఊళ్ళకు తిరుగుతుంటాను. ముందు గదిలో ఎడమవైపు కూర్చునేవాడు కెప్టెన్, కుడివైపు కూర్చునేవాడు కో-పైలట్. కుడి నుంచి ఎడమకు రావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. వచ్చాక అక్కడే ఉండిపోయాను. మా కంపెనీలో పెద్ద జెట్ విమానాలు కూడా ఉన్నాయి. కానీ చిన్న విమానాలకు కెప్టెన్లు దొరకరు కాబట్టి దొరికినవాళ్ళను కదలనివ్వరు. అడిగినప్పుడల్లా “వచ్చే ఏడు చూద్దాం” అనేవాళ్ళు.

వేరే కంపెనీకి పోవచ్చు గదా అని మా ఊళ్ళో అందరూ అంటారు. మా వృత్తిలో అది అంత తేలిక కాదు. ఎన్నేళ్ళు ఎగిరావన్నది కాదు, ఈ కంపెనీలో ఎప్పుడు చేరావన్నదే లెక్క. మారితే కొత్త చోట వరసలో అందరికంటే చివర నిలబడాలి. జెట్ కావాలంటే మళ్ళీ కుడివైపు సీట్లో కూర్చోవాలి. ఎడమవైపు నుంచి నాకంటే చాలా చిన్నవాడు “గేర్ అప్” అంటే చెయ్యి చాచి చక్రాలు లోపలికి మడిచే లివర్ ఎత్తాలి. నలభై దాటాక.

మా కంపెనీలో నాతోపాటు ఒకే రోజు చేరిన స్నేహితుడు ఒకడున్నాడు. వాళ్ళది గురజాల, మాది నరసరావుపేట. వాడూ అదే చిన్న విమానం, అదే ఎడమ సీటు. సెలవులు కలిస్తే ఒకే కారులో ఊళ్ళకు వచ్చేవాళ్ళం. వాడు నడికుడిలో దిగితే వాళ్ళ అన్న బండి మీద వచ్చి తీసుకుపోయేవాడు. ఢిల్లీలో ఒక కంపెనీ జెట్ విమానాలకు మనుషుల్ని తీసుకుంటోందని ముందు తెలుసుకున్నది వాడే. ఇద్దరం వెళ్ళి పరీక్ష రాశాం, ఇద్దరం నెగ్గాం. ఆ వారం ఊరికి వస్తూ నడికుడి రైలు గేటు దగ్గర ఆగిపోయాం. ముందు సున్నపురాళ్ళ లారీ, వెనక ఆర్టీసీ బస్సు. ఎటూ కదిలే వీల్లేదు.

“ఏందిరా ఆలోచిస్తన్నావ్?” అన్నాడు వాడు.

“మళ్ళీ కుడి పక్కన కూర్చోగలమా?”

“కూర్చోలేకపోవడానికి ఏముంది? ఇక్కడే ఉంటే రిటైరయ్యేదాకా ఈ ఫ్యాన్ల బండే. ఆఖరి రోజున పూలదండ వేసేటప్పుడు కూడా వచ్చే ఏడు చూద్దామనే అంటారు.”

“ఇంట్లో ఏం చెప్పాలిరా?”

“నిజం చెప్పు. నేను చెప్పా. అయితే నిన్ను ఇక కెప్టెన్ గారనకూడదా అంది మా ఆవిడ. కొన్నాళ్ళు అనబాకే అన్నా.”

నవ్వాను గానీ నాకు ఆ మాట గుచ్చుకుంది. పేటలో మందుల షాపు ఆయన దగ్గర్నుంచి పాలాయన దాకా నన్ను కెప్టెన్ గారనే పిలుస్తారు.

నా భార్య మా మేనమామ కూతురే. పళ్ళ డాక్టరు. పేటలో సొంతంగా క్లినిక్ నడుపుతుంది, అందుకే కాపురం ఇక్కడే పెట్టాం. ఆ రోజు రొంపిచెర్ల నుంచి మామయ్య కూడా వచ్చి ఉన్నాడు. ఒకప్పుడు సర్పంచిగా చేసినవాడు. భోజనాల దగ్గర విషయం చెప్పాను.

“అంటే ఏంది అబ్బాయ్, పార్టీ మారతన్నావా?” అన్నాడు మామయ్య.

“అట్టాంటిదే మామయ్యా.”

“ఆ పార్టీలో ముందు కుర్చీ ఇస్తన్నారా?”

“లేదు. మొదట్లో వెనక కుర్చీయే. కొన్నేళ్ళు పోయాక ఇస్తారంట.”

ఆయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. “నన్నూ ఒకసారి పిలిచారు, కండువా మార్చుకోమని. నేను మారలా. చానామంది మారారు. కొందరు పైకొచ్చారు, కొందరు అజాపజా లేకుండా పోయారు. నేను మాత్రం ఉన్నకాడే ఉండిపోయా. మారమని చెప్పను, మారొద్దనీ చెప్పను. పోయేటప్పుడు మాత్రం ఇక్కడోళ్ళతో తగూ పెట్టుకుని పోబాక.”

సాయంత్రం నా భార్యను క్లినిక్ దగ్గర దించడానికి వెళ్ళాను. షట్టర్ ఎత్తాక తను లోపలికి పోకుండా గుమ్మంలోనే నిలబడింది.

“బావా, ఒక్క మాట. నా కోసం ఆగిపోయానని పదేళ్ళ తర్వాత అనొద్దు. నా కోసమే పోయానని కూడా అనొద్దు. రెండూ నేను మొయ్యలేను.”

“నువ్వొస్తావా ఢిల్లీకి?”

“వస్తే నేను కూడా మళ్ళీ ఎవరి కిందో అసిస్టెంటుగా చేరాల్సిందే. నీకు కష్టంగా ఉన్నట్టే నాకూ ఉంటుంది గదా.”

అదీ నిజమే. తను ఇక్కడే ఉండాలనీ, నేను వారానికోసారి కాకపోయినా నెలకోసారైనా రావాలనీ అనుకున్నాం. మామయ్య చెప్పినట్టు ఎవరితోనూ తగూ లేకుండా, నేనూ నా స్నేహితుడూ ఒకే రోజు రాజీనామా ఇచ్చాం.

కెప్టెన్ రాజీనామా ఇస్తే వెంటనే వదలరు. ఏడాది పాటు పనిచేసి పోవాలి. ఆ ఏడాది ఎట్లా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. పొద్దున్నే లేచి అదే విమానం ఎక్కుతాను, అవే ఊళ్ళు, అవే రన్‌వేలు. కానీ నేను అక్కడివాణ్ణి కాదు. పక్కన కూర్చునే కుర్రవాళ్ళు “ఎప్పుడు వెళ్ళిపోతున్నారు సార్?” అని మర్యాదగా అడిగేవాళ్ళు. కొత్తవాళ్ళకు నేర్పే పని నా నుంచి తీసేశారు. పండగ రోజుల డ్యూటీలు వరసగా నాకే పడేవి. ఎవరినీ తప్పుపట్టలేను, పోయేవాడి మీద ఎవరికి మాత్రం శ్రద్ధ ఉంటుంది?

అయినా ఇక కొన్నాళ్ళేగదా అనుకుంటూ గడిపాను. ఏడాది చివరికొచ్చాక ఢిల్లీ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. రావలసిన విమానాలు రాలేదట, చేరే తేదీ తర్వాత చెబుతామన్నారు. ఎప్పుడన్నది రాయలేదు.

ఈ సంగతి మా కంపెనీకి ఎట్లాగో తెలిసిపోయింది. చీఫ్ పైలట్ మా ఇద్దరికీ ఫోన్ చేశాడు. రాజీనామా వెనక్కి తీసుకుంటే ఉండొచ్చు. కానీ ఐదేళ్ళు కదలనని బాండ్ రాయాలి, ఆ ఐదేళ్ళూ చిన్న విమానమే నడపాలి. సోమవారంలోగా చెప్పమన్నాడు.

ఆదివారం గురజాల వెళ్ళాను. నా స్నేహితుడు వాళ్ళ అన్నతోపాటు కల్లంలో ఉన్నాడు. ఎర్రగా పరిచిన మిరపకాయల ఘాటుకు నాకు పొలం గట్టు దగ్గరే తుమ్ములు మొదలయ్యాయి. వాడు తలకు కట్టుకున్న తువ్వాలు విప్పి, నన్ను దూరంగా వేపచెట్టు నీడకు తీసుకుపోయాడు.

“నేను వెనక్కి తీసుకోనురా,” అన్నాడు నేను అడగకముందే.

“వచ్చే నెలతో మన గడువు అయిపోద్ది,” అన్నాను. “ఎగరకుండా కూర్చుంటే మళ్ళీ పరీక్షలన్నీ రాయాలి. వాళ్ళు ఎప్పుడు పిలుస్తారో తెలవదు. అసలు పిలుస్తారో లేదో తెలవదు.”

“తెలవదు. నిజమే. కానీ ఇక్కడ ఏం జరుగుద్దో నాకు మొత్తం తెలుసు. ఆ తెలిసిందే నాకొద్దు.”

“నాకు భయంగా ఉందిరా.”

“నాకు లేదనుకుంటన్నావా? రాత్రిళ్ళు నిద్ర పట్టట్లా. నువ్వు సంతకం పెట్టు. నేనేమీ అనుకోను. నువ్వు కూడా నీ గురించి ఏమీ అనుకోబాక.”

వాళ్ళింట్లో భోజనం చేసి బయల్దేరాను. పిడుగురాళ్ళ దాటేదాకా వాడి మీద నాకున్నది కోపమో, అసూయో తేల్చుకోలేకపోయాను. వాడికి ఉద్యోగం లేకుండా పోతోంది. నాకు ఉద్యోగం ఉంటోంది. అసూయపడుతున్నది మాత్రం నేను.

సోమవారం హైదరాబాద్ ఆఫీసులో సంతకం పెట్టాను. చీఫ్ పైలట్ కాఫీ తెప్పించి, భుజం తట్టి, మంచి నిర్ణయం అన్నాడు. మర్నాడు విమానంలో కూర్చుని భుజాల మీదుగా, నడుము మీదుగా బెల్టులు బిగించుకుని, మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించుకున్నాను. పక్కనున్న అమ్మాయి “సార్, బాగానే ఉన్నారా?” అంది. ఏసీ కొంచెం పెంచమన్నాను.

నా స్నేహితుడు చాలా నెలలు ఖాళీగా ఉన్నాడు. విమానం ఉద్యోగం పోయిందంటగా అని ఊళ్ళో పరామర్శకు కూడా వచ్చారట. పంట అంతా అమ్ముడై, కల్లం ఖాళీ అయ్యాక ఢిల్లీ వాళ్ళు వాణ్ణి పిలిచారు. ట్రైనింగ్ అయి మొదటిసారి జెట్ ఎక్కిన రోజు నాకు ఫోన్ చేశాడు.

“పక్కనోడు పిల్లోడేరా. నన్ను సార్ సార్ అంటన్నాడు. అనబాకయ్యా, ఇక్కడ నువ్వే సార్‌వి అన్నా.”

“ఎట్టా ఉంది?”

“సిగ్గుగా ఉందిరా. చానా బాగుంది.”

రెండూ ఒకే గొంతుతో చెప్పాడు.

మొన్న సెలవులో క్లినిక్‌కు వెళ్ళి, రోగులు కూర్చునే బెంచీ మీద కూర్చుని ఉండగా నాకూ ఢిల్లీ నుంచి ఫోన్ వచ్చింది. విమానాలు వస్తున్నాయి, మనుషులు కావాలి, ఆసక్తి ఉందా అని ఒకామె అడిగింది. బాండ్ సంగతి చెప్పలేదు. ధన్యవాదాలు చెప్పి పెట్టేశాను. నా భార్య లోపలి నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“ఎవరు బావా?”

“ఢిల్లీ వాళ్ళు. రమ్మంటున్నారు.”

“ఏం చెప్పావు?”

“రానని చెప్పా.”

తను నా వైపు చూస్తూ నిలబడింది. “రానని చెప్పావా, రాలేనని చెప్పావా?”

బెంచీ చివర దవడ పట్టుకుని కూర్చున్న పెద్దాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ముందు ఆయన్ను చూడమన్నాను. తను ఆయన్ను లోపలికి పిలిచింది, తలుపు వేసుకుంది. లోపల మిషన్ గుయ్యిమని మొదలైంది. నేను అక్కడే కూర్చున్నాను.