డేగ తోకకు పాత ఈక

కెనడాలోని సర్రీలో మా ఎదురింట్లో ఉండిన తెలుగమ్మాయికి ఒక అలవాటుండేది. ఏ పని చేసినా, కారు పార్క్ చేసినా సరే, అయ్యేదాకా ఊపిరి బిగబట్టేది. బ్లూబెర్రీ తోటల మీద పడే పిట్టలను తన పెంపుడు డేగతో తరిమించడం ఆమె ఉద్యోగం. ఒక వేసవిలో ఆ డేగ తోక ఈక విరిగింది. తోక సరిగ్గా లేనిదే డేగ మలుపు తిరగలేదు. కొత్త ఈక మొలిచేసరికి పళ్ల సీజనే అయిపోతుంది.

"పట్టుకోవడానికి ఒకరు కావాలి అంకుల్," అంది. నలభై ఏళ్లుగా రాసిన డైరీల్లో ఒక్క కొట్టివేత లేని నిలకడైన చెయ్యి నాదని గొప్పగా వెళ్లాను. ఆమె డేగ కళ్లు మూసేలా తోలు టోపీ తొడిగి, ఒంటికి తువ్వాలు చుట్టి, దాన్ని నా చేతికిచ్చింది.

"వణకొద్దు అంకుల్."

"డేగ వణుకుతోందమ్మా."

"అది హాయిగా ఉంది. మీరే."

విరిగిన ఈకను మొదలు దగ్గర కోసి, ఆ బోలు కాడలో సన్నటి వెదురు పుల్ల దూర్చి, నిరుడు ఆ డేగే రాల్చిన ఈకను జిగురుతో దానికి అతికించింది. ఆమెతో పాటు నేనూ ఊపిరి బిగబట్టాను.

"ఇంక పీల్చుకోండి అంకుల్. ఈక పెట్టింది మీకు కాదు."

మర్నాడు తోటలో డేగ ఆమె చేతి మీది నుంచి లేచి నేరుగా పోయింది. చివర్లో తోక విప్పింది. పాత ఈక ఒక్కటే వెలిసిపోయి కనిపించింది. డేగ చక్కగా మలుపు తిరిగింది. పిట్టలన్నీ లేచిపోయాయి.

ఆమె ఇంకా బిగబట్టే ఉంది.

"పీల్చుకోమ్మా," అన్నాను పెద్దరికంగా.

ఆమె నా చేతుల వైపు చూసి నవ్వింది. నిన్నటి తువ్వాలు ఇంకా ఉన్నట్టే అవి రెండూ గట్టిగా బిగిసి ఉన్నాయి.