దసరాకి తోమిన గుర్రం

దివాకర్‌కి జానపద కళ మీద అపారమైన ప్రేమ అనీ, ఒక జాతి జ్ఞాపకాలను కాపాడుతున్నాడనీ అమెరికాలో, పార్సిప్పనీ ఊరి తెలుగువాళ్లు చెప్పుకుంటారు. అంత లేదు. అతనికి పాత వస్తువులంటే యావ. శనివారం వస్తే చాలు, ఎవరి ఇంట్లో సామాన్లు అమ్ముతున్నారో చూసుకుని కారు తీస్తాడు. వెనకటి రైతులు చలికాలంలో కూర్చుని చెక్కిన చెక్క బాతులూ, చేత్తో రంగులేసిన ఆటబల్లలూ పట్టుకొస్తాడు. అపార్ట్‌మెంట్‌లో చుట్టాలు కూర్చోవాలంటే ముందు బాతులు లేవాలి.

"అందరూ ఇక్కడ ఇళ్లు కొంటున్నారు. మనం వాళ్ల అటకలు కొంటున్నాం," అంటుంది భార్య రేణు.

ఈ యావ అంటించింది లోయిస్ అనే ముసలావిడ. ఉత్తరాన కొండల దగ్గర ఆవిడకో పొలం, ఓ పాత కొట్టం ఉండేవి. కుర్చీ కొందామని వెళ్లిన దివాకర్ చేత పెట్టెలు మోయించింది. వచ్చే వారం కూడా రమ్మంది. చెక్క బాతును చేతికిచ్చి, "కళ్లు మూసుకో. పాత రంగు ఎక్కడ అరిగిందో వేళ్లకి తెలియాలి," అని నేర్పింది. అమెరికా వచ్చాక అతన్ని సొంత మనిషిలా వంటింటి తలుపులోంచి లోపలికి రమ్మన్న ఇల్లు అదొక్కటే. ఆ సంగతి అతనెప్పుడూ పైకి అనలేదు కానీ, శనివారాలు మానలేదు.

పోయిన ఏడాది లోయిస్ పొలం అమ్మేసి ఊళ్లో చిన్న ఇంటికి మారింది. కొట్టం కప్పు మీద గాలి ఎటు వీస్తే అటు తిరిగే రాగి గుర్రాన్ని కిందికి దింపించింది. వందేళ్ల ఎండావానలకి దాని ఒళ్లంతా పచ్చటి చిలుము. కొనే డీలర్ వచ్చి చూసేదాకా దాచమని దాన్ని దివాకర్‌కి ఇచ్చింది. ఆ గుర్రం మీద అతనికి ఎప్పట్నుంచో కన్ను. నాకివ్వమని అడగడానికి మాత్రం నోరు రాలేదు.

తణుకు నుంచి వచ్చిన దివాకర్ తల్లి ఉమామహేశ్వరి ఆ నెలలో అతని ఇంట్లోనే ఉంది. దసరా వచ్చింది. పండగపూట ఇంట్లో రాగి నల్లబడి ఉండటం ఆవిడ ఏనాడూ ఒప్పుకోలేదు. దివాకర్ ఆఫీస్‌కి, రేణు షాపింగ్‌కి వెళ్లాక గుర్రాన్ని బాత్‌టబ్‌లో పడుకోబెట్టి, చింతపండూ ఉప్పూ వేసి మధ్యాహ్నమంతా తోమింది.

దివాకర్ వచ్చేసరికి గుర్రం కొత్త చెంబులా మెరుస్తోంది. నుదుట కుంకుమ.

"అమ్మా! ఏం చేశావ్?"

"ఏవిట్రా ఆ కేకలు? ఎంత చిలుమో! నా భుజాలు పడిపోయాయి."

"ఆ చిలుము వల్లే దానికి విలువ!"

"చిలుముకి విలువేవిట్రా? అలాగైతే మన అటక మీద గంగాళం కోటీశ్వరురాలు."

"కంగారుపడకండి," అంది అప్పుడే తలుపు తీసుకుని వచ్చిన రేణు. "మళ్లీ గ్రీన్ అవుతుందిలే. మన గ్రీన్ కార్డ్ కంటే ముందే అవుతుంది."

రాగికి దొంగచిలుము పట్టించే మందులున్నాయి. దివాకర్ ఫోన్‌లో వెతికాడు కూడా. కానీ కళ్లు మూసుకుని వేళ్లతో చూసే మనిషికి దాన్నెలా ఇవ్వగలడు? లోయిస్‌కి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "తీసుకురా," అందావిడ.

తల్లి కూడా బయల్దేరింది. "తోమింది నేను, తిట్లు నువ్వు తింటావా? పద."

లోయిస్ వంటింటి బల్ల మీద గుర్రాన్ని పెట్టారు. "సారీ అండీ. ఐ క్లీన్. ఫెస్టివల్," అంది ఉమామహేశ్వరి.

లోయిస్ నవ్వలేదు. "నాకు కోపంగానే ఉంది," అని దివాకర్‌తో అంది. "నువ్వు పంపిన ఫొటో చూసి డీలర్ ఇక రానన్నాడు." తర్వాత కళ్లు మూసుకుని గుర్రం పొట్ట తడిమింది. వేళ్లు ఒకచోట ఆగాయి. కళ్లు తెరిచి చూస్తే అక్కడ చిన్న చిన్న నొక్కులు. "ఇవి మా తమ్ముడు చిన్నప్పుడు పిట్టల గన్‌తో కొట్టినవి. 'నేను కాదు' అని ఒట్టేశాడు. వాడు పోయి కూడా చాలా ఏళ్లయింది. ఇన్నాళ్లూ చిలుము కింద ఉన్నాయన్నమాట, వెధవ!"

"ఏవంటోందిరా?" అంది తల్లి. దివాకర్ చెప్పాడు. "మరి నాలుగు తగిలించాల్సింది," అంది ఆవిడ. దివాకర్ అదీ ఇంగ్లీషులో చెప్పాక లోయిస్ నవ్వింది.

బయల్దేరుతుంటే గుర్రాన్ని అతని చేతిలోనే పెట్టింది. "అమ్మాలని నాకూ లేదు. డీలర్‌కి మాటిచ్చి ఇరుక్కున్నాను. ఇది నీది. ఒక్క షరతు. ఇంట్లో దాచకు, వానలో పెట్టు. మళ్లీ పచ్చబడటం నేను చూడను, నువ్వు చూస్తావు."

దివాకర్ థాంక్స్ చెప్పబోయాడు. "చలి వస్తోంది, తలుపేసి వెళ్లు," అందావిడ.

ఇప్పుడా గుర్రం బాల్కనీలో ఉంది. తల్లి తణుకు వెళ్లాక కూడా ఆదివారం వీడియో కాల్‌లో ముందు దాన్నే చూపించమంటుంది.

"అయ్యో, అప్పుడే నల్లబడిందేవిట్రా!"

"అవునమ్మా," అంటాడు దివాకర్ సంబరంగా. "చెవుల దగ్గర కొంచెం పచ్చగా కూడా ఉంది, చూడు."

"ఈసారి వచ్చేటప్పుడు మంచి చింతపండు తెస్తాలే."

"తే అమ్మా. పులుసు పెట్టుకుందాం."