పచ్చ పీలిక కట్టిన కళ్లద్దాలు

దేవమణికి నలభై రెండేళ్ళు. అందులో పన్నెండేళ్ళు విశాఖపట్నంలోని ఒక పెద్ద కంటి ఆసుపత్రిలో పక్కవాళ్ళ చూపు పరీక్షించడంలోనే గడిచిపోయాయి. తన ఫోనును మాత్రం చెయ్యి బారుగా చాచి, మెడ వెనక్కి వంచి చదువుతుంది. అదేమిటని ఎవరైనా అడిగితే, ఏటికేడాదీ అక్షరాలు చిన్నవి చేసేస్తున్నారని ఫోన్ల కంపెనీని తిట్టిపోస్తుంది. అందరి కళ్ళకీ నంబర్లు చెప్పే మనిషికి ఎదురుచెప్పే ధైర్యం ఎవరికుంటుంది? ఆమె భర్త ఎడ్విన్‌కి అసలే లేదు.

ఎడ్విన్ అరకులో జీపు నడుపుతాడు. ఆ పన్నెండేళ్ళూ వాళ్ళ కాపురం రైలు టైముల ప్రకారమే సాగింది. శనివారం రైలుకి ఆమె రావడం, ఆదివారం చర్చి అవగానే నాలుగు మెతుకులు తిని మళ్ళీ రైలుకి పరుగెత్తడం. గొడవ పడాలన్నా తీరికగా పడే వీల్లేదు. మొదలెట్టిన గొడవ పూర్తవకుండానే సిగ్నల్ పడిపోయేది.

దీనికి తోడు ఆసుపత్రిలో ఇంకో బాధ. కొండల మీది నుంచి ముసలివాళ్ళు రెండు బస్సులు మారి, ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపులో ఉన్నదంతా కక్కుకుని వచ్చేవారు. తీరా చూస్తే పెద్ద జబ్బేమీ కాదు. దగ్గరి చూపు ఆనడం లేదు, మామూలు అద్దాలు చాలు. ఈపాటిదానికి వీళ్ళనింత తిప్పలు పెట్టాలా అని దేవమణికి ఒళ్ళు మండేది. చివరికి ఒకరోజు పెద్ద డాక్టరుగారి గదిలోకి వెళ్ళి ఏడాది సెలవు అడిగింది. అరకులో సొంతంగా కళ్లద్దాల షాపు పెడతానంది.

ఆయన మంచివాడు. "పెట్టమ్మా. నడవకపోతే నీ సీటు నీకే ఉంటుంది. కానీ డిసెంబరు ఆఖరి శుక్రవారం దాకానే చూస్తాను. ఆ తర్వాత వేరేవాళ్ళని తీసుకుంటాను" అన్నాడు.

జనవరిలో, శుక్రవారం సంత జరిగే వీధిలో దేవమణి షాపు తెరిచింది. గాజు తలుపు, సోఫా, నిలువుటద్దం, గోడకి ఏసీ. ముసుగేసుకున్నా వణికించే అరకు చలిలో ఏసీ ఎందుకని ఎడ్విన్ అడిగాడు. కళ్ళు చూసే చోటన్నాక ఏసీ లేకుండా ఎలాగని ఆమె ఎదురడిగింది. ఆసుపత్రిలో ఏది ఎలా ఉందో షాపులో అది అలాగే ఉండాలని ఆమె పట్టుదల. జనం మాత్రం ఆసుపత్రిలో జనంలా లేరు. గాజు తలుపు చూసి కొందరు బ్యాంకనుకుని తప్పుకుపోయారు. సంతకొచ్చిన ఆడపిల్లలు బయటే నిలబడి, లోపలి నిలువుటద్దంలో కొప్పులు సరిచేసుకుని చక్కా పోయేవారు.

అక్కడికీ అడపాదడపా ఎవరో ఒకరు లోపలికి వచ్చి, పరీక్ష చేయించుకుని, అద్దాలు కొనుక్కునేవారు. విచిత్రమేమిటంటే ఒక ఊరి నుంచి ఒకసారి ఒకరు కొంటే, ఇక ఆ ఊరి నుంచి రెండో మనిషి వచ్చేవాడు కాదు. తుమ్మెదగూడలో నలభై ఇళ్ళున్నాయి. ఫిబ్రవరిలో రత్నాలు అనే పెద్దావిడ ఒక జత కొంది. అంతే, పదినెలలైనా ఇంకెవరూ రాలేదు. ఆ ఊళ్ళో మిగతావాళ్ళందరికీ గద్ద చూపుందా?

డిసెంబరు మొదటి శుక్రవారం నాడు ఆ రత్నాలే మళ్ళీ వచ్చింది. చెప్పులు బయట విడిచి, గాజు తలుపును రెండు చేతులతో జాగ్రత్తగా తోసి, కొంగులో చుట్టిన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. వాటి ఒక కాలు విరిగిపోతే కొండచీపురు పుల్ల పెట్టి దారంతో చుట్టారు. అద్దాల నిండా గీతలు.

"డాక్టరమ్మా, ఇవి అలిసిపోనాయి" అంది రత్నాలు.

"నేను డాక్టర్ని కాదు పెద్దమ్మా. అయినా కళ్లద్దాలు అలిసిపోడమేటి?"

"పొద్దుగూకులూ పని సేత్తే అలిసిపోవా మరి? తెల్లారి కాఫీ గింజలేరడానికి నాను ఎట్టుకుంటాను. ఎండెక్కినాక పక్కింటి సోని సూదిలో దారం ఎక్కించుకోడానికి అట్టుకెళ్తది. కూడు తిన్నాక బుధు దిసారి కాల్లో ముల్లు తీసుకుంటాడు. ఆయన్దగ్గిర్నుంచి అవతల ఈదికెళ్ళిపోతాయి. మల్లీ నా ఇంటికొచ్చేసరికి సందేల అయిపోద్ది."

దిసారి అంటే ఊళ్ళో విత్తనానికీ పెళ్ళికీ మంచిరోజు చెప్పే పెద్దాయన. అంటే ఊరంతటికీ ఒకటే జత. దేవమణికి పదినెలల కోపం ఒక్కసారిగా నెత్తికెక్కింది.

"ఒకరివి ఇంకొకరు పెట్టుకోకూడదు పెద్దమ్మా! ఎవరి కంటి నంబరు వాళ్ళది!"

"మా ఈదికి రోలు ఒకటే ఉన్నాది. అందరం అందులోనే దంచుకుంతన్నాం. ఆ రోలు ఏనాడూ ఏటీ అనలేదు" అంది రత్నాలు, నొచ్చుకుంటూ.

దేవమణి పళ్ళు బిగించి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. చదువు రానివాళ్ళ కోసం ఉండే బోర్డు వెలిగించింది. దాని మీద మూడు కొమ్ముల బొమ్మలుంటాయి. ఆ కొమ్ములు ఏ వైపుకి తిరిగున్నాయో చెప్పాలి.

"కొమ్ములు ఎటున్నాయి పెద్దమ్మా?"

"నీకు ఎటుంటే బాగుంటది?"

"నాకు కాదు. నీకెటు కనపడుతున్నాయి?"

"కుడి పక్కకి" అంది రత్నాలు. దేవమణి కనుబొమలు కొంచెం ముడిపడ్డాయి. "అబ్బే, ఎడం పక్కకి" అని వెంటనే దిద్దుకుంది.

అప్పుడు గమనించింది దేవమణి. రత్నాలు బోర్డు వైపు చూడనే లేదు. ఆమె కళ్ళు రెండూ దేవమణి మొహం మీదే ఉన్నాయి. ఫిబ్రవరిలోనూ ఇలాగే చెప్పి ఉంటుంది. అంటే అప్పుడు రాసిచ్చిన నంబరు రత్నాలు కళ్ళది కాదు, తన మొహానిది.

"కనపడలేదని చెప్పొచ్చు కదా పెద్దమ్మా!"

"బలేదానివి. పిలిసి కూకోబెట్టినావు. సల్లగాలి ఏసినావు. లైటెట్టి మరీ సూపించినావు. ఇంత మరియాద సేసినోలితో నీ బోర్డు కనపడనేదని ఎలాగనీది?"

ఈ ఏడాదంతా ఆ కుర్చీలో కూర్చున్న మర్యాదస్తులందరూ దేవమణి కళ్ళ ముందు వరసగా కదిలారు. వాళ్ళలో ఎంతమందికి తప్పుడు అద్దాలు అంటగట్టిందో! బుధవారం తుమ్మెదగూడకి జీపు తీయమని ఎడ్విన్‌కి చెప్పింది.

"బేరానికా?" అన్నాడతను.

"చేసిన తప్పు దిద్దుకోడానికి."

తుమ్మెదగూడలో ప్రతి వాకిట్లోనూ కాఫీ గింజలు ఆరబోసి ఉన్నాయి. దేవమణికి బుద్ధి వచ్చినా పద్ధతి మారలేదు. వెళ్ళీ వెళ్ళగానే ఆ కొమ్ముల బోర్డునే పనసచెట్టుకి వేలాడదీసింది. ఊరు ఊరంతా ఎదురుగా కూర్చుని, ఆమె మొహం చూస్తూ, అడిగినదానికల్లా ముక్తకంఠంతో సరైన జవాబే చెప్పింది. ఎడ్విన్ జీపు చాటుకెళ్ళి నవ్వుకున్నాడు.

ఆమె విసిగిపోయి రత్నాలు అరుగు మీద కూలబడింది. పక్కనే రత్నాలు చేటలో గింజలు ఏరుతోంది. పురుగు తొలిచినవీ నల్లబడినవీ తీసి పారేయాలి. దేవమణి ఊరికే ఆ చేతినే చూస్తూ కూర్చుంది. ఆ చెయ్యి నల్ల గింజల మీదుగా ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోతోంది. నోటికి మర్యాద తెలుసు గానీ చేతికి ఏం తెలుసు? దానికి కనపడితే ఏరుతుంది, కనపడకపోతే లేదు.

దేవమణి గబుక్కున కళ్లద్దాల పెట్టె తెరిచి, ఒక్కో జతా తీసి రత్నాలు ముక్కు మీద పెట్టడం మొదలుపెట్టింది. "ఏమీ చెప్పకు. గింజలేరుకో చాలు" అంది. మూడు జతలు మార్చినా చెయ్యి అలాగే తడుముకుంది. నాలుగోది పెట్టగానే వేళ్ళు కోడి ముక్కులా టకటకా పడసాగాయి.

"ఓలమ్మో! ఇన్ని పుచ్చులున్నాయేటి! నిరుడు గింజలు కూడా ఇలాగే ఏరి ఇచ్చేసినానేటి?" అని రత్నాలు గుండెలు బాదుకుంది.

ఇక ఊరంతా చేట ముందు వరస కట్టింది. బుధు దిసారి మాత్రం తన చూపుకేం ఢోకా లేదని బిగుసుకు కూర్చున్నాడు. సరే, ఏరి చూపించమన్నారు. ఆయన ఎంతో నిబ్బరంగా మంచి గింజలన్నీ ఏరి అవతల పారేశాడు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. దిసారి కళ్లద్దాలకి ముక్కు చాచాడు.

పొద్దు వాలేసరికి చాలామంది ముక్కుల మీద అద్దాలున్నాయి. అన్నీ ఒకే రకం నల్ల ఫ్రేములు. రేపు తెల్లారేసరికి ఇవన్నీ కలిసిపోవడం ఖాయమని దేవమణి తల పట్టుకుంది.

"కోళ్ళు కలిసిపోతే ఏటి సేత్తన్నాం?" అంది సోని. పక్కనున్న కోడిని పట్టుకుని దాని కాలు చూపించింది. ఆ ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒక రంగుంది. ఆ ఇంటి కోడి కాలికి ఆ రంగు గుడ్డపీలిక కడతారు. సోని ఎర్ర పీలిక చింపి తన కళ్లద్దాల కాలికి ముడేసుకుంది. రత్నాలు ఇంటిది పచ్చ. పావుగంటలో కళ్లద్దాలన్నీ కోళ్ళలాగే ఎవరి ఇంటికి వాళ్ళవి అయిపోయాయి.

ఆ శుక్రవారం సంతకొచ్చినవాళ్ళకి దేవమణి షాపుకి తలుపు కనపడలేదు. ఎడ్విన్ చేత ఊడదీయించేసింది. సోఫా వీధరుగు మీదికొచ్చింది. ఏసీకి గుడ్డ కప్పింది. బల్ల మీద రత్నాలు ఇచ్చిన చేటా, చేటలో పుచ్చులు కలిపిన గింజలూ, పక్కన బుట్టెడు రంగురంగుల పీలికలు. ఇంతకుముందు కొనుక్కున్నవాళ్ళందరికీ మళ్ళీ రమ్మని జీపుల వాళ్ళతో కబురు పెట్టి, తప్పుడు అద్దాలన్నీ మార్చి ఇచ్చింది. వాళ్ళు వస్తూ వస్తూ ఊళ్ళని వెంటపెట్టుకొచ్చారు. రెండు శుక్రవారాలు తిరిగేసరికి మధ్యాహ్నం అన్నం తినే తీరిక కూడా లేకపోయింది.

అయినా మనసు కుదురుకోలేదు. ఇది నెల్లాళ్ళ ముచ్చటైతే? పదకొండు నెలలు ఈగలు తోలిన సంగతి ఆమె మరిచిపోలేదు. ఆసుపత్రి కొలువంటే కదలని రాయి లాంటిది. ఎడ్విన్ ఉండమనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. రైలు టైములు మారాయేమో కనుక్కోనా అని మాత్రం ఒకసారి అడిగి, అడిగినందుకు ఆ పూటంతా మొహం చాటేశాడు.

ఆఖరి శుక్రవారం రానే వచ్చింది. సంత మంచి జోరులో ఉండగా ఫోను మోగి ఆగింది. పెద్ద డాక్టరుగారు మెసేజ్ పెట్టారు. దేవమణి చెయ్యి బారుగా చాచి, మెడ వెనక్కి వంచింది. కాళ్ళు నాలుగడుగులు వెనక్కి కూడా వేశాయి. అక్షరాలు అలుక్కుపోయాయి.

"నీ సెయ్యి సాలట్లేదు" అంది సంతకొచ్చి వెనకే నిలబడ్డ రత్నాలు. అందరి ముందూ అంది.

"అదేం లేదు పెద్దమ్మా. ఈ కంపెనీవాళ్ళు అక్షరాలు..."

"ఇలాగొచ్చి కూకో గుంటా."

పదినెలలుగా డాక్టరమ్మ అన్న నోరు చిన్నపిల్లని పిలిచినట్టు గుంటా అనేసరికి దేవమణి బుద్ధిగా వెళ్ళి కూర్చుంది. రత్నాలు చేట ముందుకు జరిపింది. దేవమణి గింజలు ఏరింది.

"పుచ్చులన్నీ కనపడతన్నాయా?"

"కనపడుతున్నాయి పెద్దమ్మా" అంది దేవమణి. తను చేట వైపు కాక రత్నాలు మొహం వైపు చూస్తూ చెప్పానని అన్నాక తెలిసింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

రత్నాలు పెట్టెలోంచి జతలు తీసి ఒకదాని తర్వాత ఒకటి ఆమె ముక్కు మీద పెట్టింది. రెండోదానికే గింజల మీద గుండుసూదిమొన అంత రంధ్రాలు ఒక్కసారిగా బయటపడ్డాయి. తన వేళ్ళ మీది గీతలు కూడా కనపడ్డాయి. ఎన్నేళ్ళయిందో వాటిని చూసి! దేవమణికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఈలోగా రత్నాలు ఆ కళ్లద్దాల కాలికి పచ్చ పీలిక చుట్టి ముడేసింది.

"అది మీ ఇంటి రంగు కదా పెద్దమ్మా. నాకెందుకు?"

"మా కోడి దారి తప్పిపోనాదనుకో, ఎవులికి దొరికినా ఈ రంగు సూసి మా గుమ్మంలోకి తోలేత్తారు. నువ్వూ అంతే. ఏ పట్నంలో తప్పిపోనా మా ఇంటికే తోలుకొచ్చీవాల."

దేవమణి మోచెయ్యి మడిచి, ఫోను దగ్గరగా పట్టుకుంది. 'ఏమమ్మా, వస్తున్నావా? ఈరోజే చెప్పాలి' అని ఉంది. ఒక్కో అక్షరం బియ్యపు గింజలా విడివిడిగా ఉంది. 'రావడం లేదండీ. ఇక్కడే ఉంటాను' అని రాసి పంపించింది. వీధి అవతల జీపుకి ఆనుకుని నిలబడ్డ ఎడ్విన్ వైపు చూసి, వెళ్ళడం లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. అతను టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"తరవాత ఎవరు?" అని దేవమణి చేట దగ్గరకు లాక్కుంది. "రా పెద్దయ్యా, ఇలాగొచ్చి కూకో."