లిమ్మూదుకి అర్థం చెప్పిన రోజు

ఒక పసివాడి బర్త్ సర్టిఫికెట్ మీదికి గాడిదను ఎక్కించబోయిన ఘనుణ్ని నేను. చదువుకున్నవాడివి, ఇదేం పనయ్యా అంటారేమో. ఆ చదువువల్లే వచ్చింది తంటా.

2005లో షార్జా రోలాలో ఉండేవాణ్ని. ఏసీ డక్టుల కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ప్రతి శుక్రవారం మా బిల్డింగ్‌లోనే, దానియేలు అన్న ఫ్లాట్‌లో తెలుగు ప్రార్థన కూటం జరిగేది. ఆయనది ఒంగోలు, ట్రైలర్ నడిపేవాడు. పెళ్లయిన తొమ్మిదేళ్లకు ఆయనకూ రూతు వదినకూ కొడుకు పుట్టాడు. ఆలు ఉంది, చూలు అయింది, కొడుక్కి పేరే దొరకలేదు. పాస్టరు గారేమో సెలవు మీద ఊరెళ్లారు.

"తమ్ముడూ, నువ్వు హీబ్రూ నేర్చుకుంటన్నావంట గదా. బైబిల్లోదే, ఎవురూ పెట్టని పేరొకటి చూడు," అన్నాడు అన్న.

నా హీబ్రూ వయసు అప్పటికి మూడు వారాలు. ఆఫీసు కంప్యూటర్‌లో, మా ముదీర్, అంటే మేనేజరు, టీకి లేచినప్పుడల్లా నేర్చుకున్నది. అక్షరాలు ఇరవై రెండనీ, కుడి నుంచి ఎడమకు చదవాలనీ తెలుసు. ఆ రెండు ముక్కలతోనే నేను కూటంలో నడిచే తీరు చూస్తే, మోషే నా దగ్గరే ట్యూషన్ చెప్పించుకున్నాడనుకుంటారు. అలాంటివాడికి 'తెలియదు' అనడానికి నోరెలా వస్తుంది?

నాలుగు రోజుల్లో పేరు దొరికింది. లిమ్మూదు. యెషయా గ్రంథంలో, పిల్లలందరికీ దేవుడే నేర్పుతాడని చెప్పే చోట ఉన్న మాట.

"అంటే ఏంది?"

"నేర్పించబడినవాడు అన్నా. శిష్యుడు. దేవుడే దగ్గర కూర్చోబెట్టుకుని చదువు చెప్పినవాడు."

ఎనిమిదో తరగతితో బడి మానేసిన దానియేలు అన్న కళ్లు తుడుచుకున్నాడు. "ఖలాస్. ఇదే పేరు. శనివారం పొద్దున్నే బర్త్ సర్టిఫికెట్‌కి కాగితం ఇచ్చేస్తా."

వదిన మాత్రం రెండుసార్లు అని చూసుకుంది. "లిమ్మూదు... నోట్లో ముద్ద పెట్టుకుని పిలిచినట్టుంది."

"హీబ్రూ అంతే వదినా," అన్నాను, అదేదో మా అమ్మమ్మగారి ఊరి భాష అయినట్టు.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఆ మాట బైబిల్లో ఎక్కడెక్కడ వస్తుందో వచనాల సంఖ్యలన్నీ ప్రింటు తీసి శుక్రవారం అందరికీ పంచాను. మొత్తం ఐదు వచనాలు. నేను తెరిచి చూసినవి మూడు. మూడూ యెషయాలోవే, మూడూ తేనెలా ఉన్నాయి. సీసాలో అడుగున ఉన్నదీ తేనే అయి ఉంటుందనుకున్నాను.

బల్ల మీద కేకు, కేకు మీద 'లిమ్మూదు'. నేను లేచి ఉపన్యాసం అందుకున్నాను. ముందు వరసలో మరియమ్మ పిన్ని వేలు తడుపుకుంటూ పేజీలు తిప్పుతోంది. పాలకొల్లు వైపు మనిషి. ఇరవై ఏళ్లుగా అరబ్బుల ఇంట్లో వంట చేస్తోంది. ఎవరు ఏ వచనం చెప్పినా తెరిచి చూడందే ఊరుకోదు.

"రత్నం బాబూ, ఈ నాలుగోది నువ్వు సదివేవా?"

"అన్నీ చూశాను పిన్నీ."

పాఠకులారా, ప్రార్థన కూటంలో నిలబడి చెప్పాను ఈ మాట.

"అయితే గట్టిగా సదువు. నా కళ్లజోడు మసగ్గా ఉంది."

యిర్మీయా రెండో అధ్యాయం. మొదటి రెండు ముక్కలు గట్టిగానే చదివాను. తర్వాత నా గొంతు లిఫ్టులా కిందికి దిగిపోయింది. దేవుడు తన జనాన్ని తిడుతున్నాడక్కడ. ఎడారికి అలవాటు పడిన అడవి గాడిద అంటున్నాడు.

"ఇందులో మావాడి పేరు ఏడుంది?" అన్నాడు అన్న.

"అలవాటు పడిన... అనే చోట."

"ఎవురు అలవాటు పడింది?"

"గాడిద, అన్నా."

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ల గురించి విన్నాం. నేను గాడిదను పట్టాను. ఐదో వచనం పిన్నే చదివింది, కళ్లజోడు తీసి పక్కన పెట్టి మరీ. చెడు చేయడానికి అలవాటు పడ్డవాళ్లట.

"తొమ్మిదేళ్లు ఆగింది దీనికా తమ్ముడూ," అన్నాడు అన్న మెల్లగా. కేక వేసినా బాగుండేది.

"మాట మంచిదే దానియేలూ," అంది పిన్ని. "రోజూ చేసి చేసి అలవాటైతేనే కదా నేర్చుకున్నట్టు. దేవుడి కాడ కూర్చున్నోడికి అదే మాట, ఎడారిలో తిరిగే గాడిదకీ అదే మాట. ఎక్కడ అలవాటు పడ్డామా అన్నదే లెక్క. ఆ మాటకొస్తే ఇరవై ఏళ్లుగా ఈ ఎడారికి అలవాటు పడ్డాను, నేనూ లిమ్మూదునే."

ముందు రూతు వదిన నవ్వింది. ఆ ఊపుకి ఒళ్లో పిల్లాడు లేచి ఏడ్చాడు. ఏడుస్తున్న కొడుకుని చూసి అన్నా నవ్వేశాడు. ఇక గదంతా నవ్వే. వదిన కేకులో పేరున్న ముక్కంతా కోసి నా పళ్లెంలో పెట్టింది. "తిను రత్నం. నీ చేత్తో తెచ్చింది నువ్వే ఖాళీ చెయ్యి."

పిల్లాడికి సమూయేలు అని పెట్టారు. లిమ్మూదు నాకు మారుపేరుగా మిగిలింది. ఎంతలా అంటే, కొత్తగా చేరిన ఒకతను అదే నా అసలు పేరనుకుని, "చాలా బాగుంది బ్రదర్. అర్థమేంటి?" అని అడిగాడు.

"శిష్యుడు," అన్నాను గంభీరంగా.

వెనక మరియమ్మ పిన్ని దగ్గింది.

"...ఇంకో అర్థం కూడా ఉందనుకోండి," అన్నాను.

కనుక పదిమంది ముందు ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఎవరి బిడ్డకూ పేరు వెతకను. కుక్కపిల్లకి పెట్టాల్సి వచ్చినా తెలుగులోనే పెడతాను. అదీ పిన్నిని అడిగాకే.