లెక్కలోకి రాని ముద్ద

తిరువూరు రామాలయ అర్చకులు పరబ్రహ్మంగారి ఇంట్లో దేవుడి నైవేద్యానికి ఒక్కనాడూ వేళ తప్పలేదు. ఆయన భార్య శారదాంబ కడుపునొప్పిని పట్టించుకోవడానికి మాత్రం ఎవరికీ వేళ దొరకలేదు.

ఆమె బొడ్డు పక్కన నిమ్మకాయంత ఉబ్బు వచ్చి అప్పటికి రెండేళ్లు. మొదట్లో వెల్లకిలా పడుకుంటే లోపలికి పోయేది. తరువాత చేత్తో నొక్కితే పోయేది. 2004 శ్రావణంలో ఒక శుక్రవారం నాడు నైవేద్యపు గంగాళం పొయ్యి మీంచి దించబోయి ఆమె అక్కడే కూలబడింది. ఈసారి నొక్కినా ఉబ్బు లోపలికి పోలేదు. చాలాసేపటికి దానంతటదే సర్దుకున్నది. అంతసేపూ పరబ్రహ్మంగారి అక్క నాగేశ్వరమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి, పులిహోర తాలింపు మాడుతున్నదని గుర్తుచేస్తూనే ఉన్నది.

బస్టాండు వెనక నర్సింగ్‌హోమ్‌కు ప్రతి శనివారం విజయవాడ నుంచి ఒక సర్జను వస్తాడు. ఆయన చూసి హెర్నియా అన్నాడు.

"ఆపరేషన్ చెయ్యాలి. కానీ ఇప్పుడు చెయ్యను. ఈ బరువు మీద కుట్లు నిలవవు. పది కిలోలు తగ్గి రండి."

"తగ్గకపోతేనండి?"

"ఏదో ఒకరోజు పేగు ఇరుక్కుంటుంది. అప్పుడు తగ్గమని చెప్పే టైము నాకుండదు, తగ్గే టైము మీకుండదు."

శారదాంబ మనసులో నెలలు లెక్కపెట్టుకున్నది. మార్గశిరంలో ధనుర్మాసం వస్తుంది. నెల పొడుగునా తెల్లవారుజామునే పెద్ద గంగాళంతో పొంగలి వండాలి, ఎత్తాలి, దించాలి. ఆ గంగాళం ముందు మరోసారి కూలబడితే ఇక లేవనేమోనని ఆమెకు తోచింది. కాబట్టి ఆ లోపునే తగ్గాలి. ఆమె ప్రాణానికి గడువు పెట్టింది సర్జను కాదు, పంచాంగం.

తగ్గే దారి చెప్పవలసిన బాధ్యత ముంతాజ్‌ది. సైకిల్ షాపు మదార్ కూతురు. విజయవాడలో ఆహారశాస్త్రం చదివి వచ్చి ఆ నర్సింగ్‌హోమ్‌లోనే పనిచేస్తున్నది. ఆ అమ్మాయి ఒక అచ్చుకాగితం చేతికిచ్చింది. ఇడ్లీకి ఇన్ని క్యాలరీలు, కప్పు అన్నానికి ఇన్ని, చెంచా నేతికి ఇన్ని అని అందులో ఉంది.

"రోజుకు పన్నెండు వందలు దాటకూడదు. తిన్నది తిన్నట్టు రాయండి. దాచిపెట్టి రాస్తే నష్టం నాక్కాదు," అన్నది ముంతాజ్, మరో రోగి వైపు తల తిప్పుకుంటూనే.

శారదాంబ తిన్నది తిన్నట్టే రాసింది. మొదటి వారాల్లో అందులో ఒక పరీక్ష రాస్తున్నంత ఉత్సాహం ఉండేది. అన్నం కప్పుతో కొలిచి వడ్డించుకున్నది. నెయ్యి చెంచాతో తలగొట్టి పోసుకున్నది. కానీ అదే ఇడ్లీ, అదే కప్పు, అదే కూడిక. భాద్రపదం వచ్చేసరికి పెన్సిలు చూస్తేనే ఆమెకు నిద్ర ముంచుకొచ్చేది. దొండకాయ వేపుడులో తన వాటాకు వచ్చిన నూనె ఎంతో ఏ మనిషి చెప్పగలదు? ముద్దపప్పుకు కందిపప్పు ఉడకకముందు కొలవాలా, ఉడికాక కొలవాలా? కాగితం అది చెప్పదు. కొన్ని రోజులు 'నిన్నటిలాగే' అని రాసి ఊరుకున్నది. ఇంకొన్ని రోజులు ఆ మాటైనా రాయలేదు.

నాగేశ్వరమ్మకు ఇదంతా ఉచిత వినోదం.

"ఏంటి శారదా, ఇవాళ చిక్కావా? ఆ తలుపు దగ్గర నిలబడు, వెలుతురొస్తుందేమో చూస్తాను."

"వదినగారూ, మీకు మజ్జిగ పొయ్యనా?"

"పొయ్యి. నాకు లెక్క అక్కర్లేదులే. చచ్చేదాకా గ్లాసు నిండా పొయ్యి."

పరబ్రహ్మంగారు నవ్వేవారు. భార్య ప్రాణానికి సంబంధించిన విషయంలో ఆయన ఇచ్చిన సహకారం ఆ నవ్వు ఒక్కటే. చెడ్డవాడని ఆయన్ని ఎవరూ అనరు. తన సౌకర్యం ఎవరి వెన్ను మీద నిలబడి ఉన్నదో చూడకపోవడం మన ఇళ్లల్లో చెడ్డతనం కింద జమకట్టరు.

దసరా వెళ్లాక బరువు చూశారు. తగ్గలేదు సరికదా, ఒక కిలో పెరిగింది.

ముంతాజ్ ఒకసారి ముల్లు వైపు, ఒకసారి శారదాంబ రాసుకొచ్చిన కాగితాల వైపు చూసింది. "ఇందులో ఉన్నంతే తింటే పెరగడం కుదరదు. అమ్మగారూ, అబద్ధాలు రాయడానికి ఇంత కష్టపడటమెందుకు? రాయడం మానేస్తే సరిపోయేదిగా."

వరండాలో కూర్చున్నవాళ్లు తలలు తిప్పారు. యాభయ్యో పడిలో పడుతున్న మనిషిని, ఊరంతా అమ్మగారూ అని పిలిచే మనిషిని, పదిమందిలో అబద్ధాలకోరు అన్నారు. శారదాంబ ముఖం ఎర్రబడింది.

"మా ఇంట్లో అబద్ధం ఆడం."

"సరే. ఇవాళ పొద్దున లేచిన దగ్గర్నుంచి నోట్లోకి పోయినవన్నీ వరసగా చెప్పండి."

"తీర్థం."

"తర్వాత?"

"రెండు ఇడ్లీలు. రాశాగా."

"ఆ తర్వాత అన్నమేనా? మధ్యలో ఏం తిన్లేదా?"

"ఏమీ తిన్లేదమ్మా. గుడి నుంచి గిన్నెలొచ్చాయి, ప్రసాదం తీసుకున్నాను. అంతే."

"ఎంత?"

"ప్రసాదానికి ఎంత ఏంటమ్మాయ్. మిగిలినంత."

ముంతాజ్ చేతిలో పెన్ను కింద పెట్టింది. "మిగిలినంత అంటే?"

"అది జనాన్ని బట్టి. మొన్న నవరాత్రుల్లో చక్కెరపొంగలి, పులిహోర, రోజుకో రకం చేశాం. వానపడి ఎవరూ రాని రోజున సగం గిన్నె మిగిలేది. పారెయ్యకూడదుగా."

"సగం గిన్నె చక్కెరపొంగలి. అది ఎందుకు రాయలేదు?"

"నువ్వు తిన్నది రాయమన్నావు," అన్నది శారదాంబ.

ఆమె వాదానికి అనడం లేదు. ఆ ఇంటి భాషలో భోజనం చేస్తారు, ఫలహారం చేస్తారు, ప్రసాదం స్వీకరిస్తారు. తినడం అనే మాట మొదటిదానికే వర్తిస్తుంది. ఇడ్లీని ఫలహారం నుంచి తిండిలోకి లాక్కురావడమే ఆమె ముంతాజ్ కోసం చేసిన పెద్ద సడలింపు. ప్రసాదాన్ని తిండి అనడం ఆమెకు ఎన్నడూ తట్టలేదు.

ముంతాజ్‌కు నవ్వు రాలేదు. "మా నానమ్మ పీర్‌బీ ఉందండీ. ఫాతిహా చదివి పంచే మిఠాయి షుగరు కిందకి రాదనేది. పోయిన ఏడు కాలి బొటనవేలు తీసేశారు. కడుపుకి మంత్రం తెలీదు. దోసెడు చక్కెరపొంగలంటే మీ మధ్యాహ్నం భోజనం మొత్తం. రాస్తారా, రాయరా? రాయకపోతే వచ్చే నెల రావొద్దు, నా టైము దండగ."

ఇంటికి నడిచివస్తుంటే శారదాంబకు కోపం ముంతాజ్ మీదనే ఉన్నది. మెయిన్ రోడ్డు దాటేసరికి అది దారి మార్చుకున్నది. ఆ ఇంటి మగవాడికి ప్రసాదమంటే కళ్లకద్దుకుని నోట్లో వేసుకునే చిటికెడు. ఆడపడుచుకు అరచేతిలో పట్టేటంత. గిన్నె అడుగు ఎవరిది? పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆమెదే. పారెయ్యకూడదన్న నియమం అందరిదీ; పాటించే కడుపు ఒక్కరిది.

ఆ సాయంత్రం ఆమె భర్తకు జరిగింది చెప్పింది.

"ఆ సాయిబుల పిల్ల ముందు కూర్చుని స్వామి ప్రసాదానికి లెక్కలు చెప్పొచ్చావా?" అన్నారు పరబ్రహ్మంగారు.

"ఆ పిల్ల కాబట్టి ఎంత అని అడిగింది. ఈ ఇంట్లో ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు."

"ప్రసాదం తింటే ఒళ్లొస్తుందంటే నవ్వుతారే. అది తిండి కాదు."

"అయితే ఇవాళ మిగిలింది మీరు స్వీకరించండి." ఆమె గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది. నేతిలో మునిగిన పొంగలి, పావు గిన్నెకు పైనే ఉంది.

ఆయన గిన్నె వైపు చూశారు. "నాకు షుగరు బోర్డర్లో ఉందని తెలుసుగా."

తిండి కానిదానితో షుగరు ఎలా పెరుగుతుందని ఆమె అడగలేదు. ముద్దాయే తన నోటితో ఒప్పుకున్నాక ఇంకొక ప్రశ్న వేయడం తెలివితక్కువ. గిన్నెను పక్కనే కూర్చున్న నాగేశ్వరమ్మ వైపు జరిపింది.

"నాకు గ్యాసు," అన్నది నాగేశ్వరమ్మ. "నెయ్యి పడదు. నువ్వు అలవాటున్నదానివి."

"అలవాటు ఇవాళ్టితో సరి, వదినగారూ."

"నడమంత్రపు చదువులు. పిల్లల తల్లివి, ఈ వయసులో ఎవరి కోసం చిక్కడం?"

"పేగు కోసం," అన్నది శారదాంబ.

ఆ గిన్నె రాత్రంతా అక్కడే ఉండి పులిసింది. మర్నాడు నాగేశ్వరమ్మ వీధి వీధంతా తిరిగి, మరదలు ప్రసాదం పారేసిందని చెప్పింది. ఇద్దరు ముగ్గురు పెద్దముత్తైదువలు వచ్చి హితబోధ చేసి వెళ్లారు. అందులో ఒక్కరూ నొప్పి ఎలా ఉన్నదని అడగలేదు. పాపం ఎంతటిదో మాత్రం సవివరంగా చెప్పారు. దయ చూపవలసిన చోట నియమం చూపించడంలో మనకు మహా నేర్పు.

శారదాంబ లొంగలేదు. మిగిలిన గిన్నె ఇంటికి వస్తే మూత తీయకుండా భర్త పీట ముందు పెట్టడం మొదలుపెట్టింది. తనే తినాలని అర్థమయ్యేసరికి పరబ్రహ్మంగారికి దారి దానంతటదే కనిపించింది. ఆయన గుడి మెట్ల మీద నిలబడి, విస్సన్నపేట ఆటోల్లో ఎక్కబోయేవాళ్లను కేకవేసి పిలిచి మరీ పెట్టసాగారు. అంతవరకూ వేలి కొసతో చిటికెడు విదిల్చిన చెయ్యి గరిటెలతో వడ్డించింది. స్వామి ఆగ్రహించిన సూచనలేవీ కనబడలేదు.

రాయడంలోని విసుగు మాత్రం పోలేదు. అది పోతుందని చెప్పేవాళ్లు ఎన్నడూ రాసి ఉండరు. ఆమె చేసిందల్లా దాన్ని చిన్నది చేసుకోవడమే. పొద్దున ఎప్పుడూ ఒకటే ఫలహారం, రాత్రి ఎప్పుడూ రెండు పుల్కాలు. కాబట్టి వాటిని మళ్లీ కూడవలసిన పని లేదు. మధ్యాహ్నం ఒక్కపూటే కొలత. తప్పిన రోజును తప్పిన రోజుగానే వదిలి, మర్నాడు మళ్లీ రాసేది. అయినా కొన్ని సాయంత్రాలు ఇక చాలనిపించేది. సన్నబడతానన్న ఆశ ఆమెకు లేదు, అందమవుతానన్న భ్రమ అంతకన్నా లేదు. సరిగ్గా అలాంటి వేళే నాగేశ్వరమ్మ ఏదో ఒకటి అనేది.

"ఇంకా రాస్తున్నావా? నేను మానేశావనుకున్నానే."

శారదాంబ పెన్సిలు తీసుకునేది. ప్రేమతో ఎవరూ ఇవ్వని బలం ఆ వెటకారం ఇచ్చింది. కోపాన్ని తక్కువచేసి మాట్లాడేవాళ్లు ఆ ఇంట్లో నెలరోజులు కాపురం చేసి చూడాలి.

కార్తీకం చివరికొచ్చేసరికి బరువు కదిలింది. పది కిలోలు కాలేదు, ఏడు అయింది. ముంతాజ్ మెచ్చుకోలేదు. కాగితాలు తిరగేసి, "ఇప్పుడు నమ్మొచ్చు," అని సర్జను గదిలోకి పంపింది.

ఆయన ఉబ్బు నొక్కి చూశాడు. "మిగతా మూడు కోసం ఆగడం మంచిది కాదు. ఇవాళ కాక వచ్చే శనివారం చేద్దాం. తర్వాత మూడు నెలలు బరువులు ఎత్తకూడదు."

ఆ శనివారం తరువాత మరి నాలుగైదు రోజులకే ధనుర్మాసం. పరబ్రహ్మంగారు ఇంటి దగ్గర ఏమీ అనలేదు. ఆపరేషన్ రోజు పొద్దున నర్సింగ్‌హోమ్‌కు వెంట వచ్చారు కూడా. గుమాస్తా అంగీకార పత్రం ముందుకు జరిపి, "భర్తగారి సంతకం ఇక్కడండి," అన్నాక అప్పుడు నోరు విప్పారు.

"ధనుర్మాసం వెళ్లాక పెట్టుకుందాం. నెలంతా పొంగలి ఎవరు వండుతారు?"

"మీరు," అన్నది శారదాంబ.

"నాకు వంట రాదు."

"నాకూ పుట్టుకతో రాలేదు."

"శారదా, పదిమందిలో మాట్లాడే పద్ధతేనా ఇది? ఇన్నాళ్లు ఆగిందిగా, ఒక్క నెల ఆగదా?" ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నారు. "నేను సంతకం పెట్టను."

గుమాస్తా ఇబ్బందిగా కదిలాడు. "భర్త సంతకం లేందే చెయ్యడం మా ఆనవాయితీ కాదండి."

గదిలోంచి సర్జను అప్పుడే బయటికి వచ్చాడు. "ఆనవాయితీ సంగతి వదిలెయ్. ఆవిడ మేజరు, స్పృహలో ఉన్నారు. కడుపు ఆవిడది. ఆవిడ సంతకం చాలు."

శారదాంబ కాగితాన్ని తన వైపు తిప్పుకుని, మొదటి అక్షరం నుంచి చివరి వరకూ చదివింది. అర్థం కాని రెండు చోట్ల గుమాస్తాను అడిగి చెప్పించుకున్నది. తరువాత సంతకం పెట్టింది.

"ఏదన్నా జరిగితే నాకు సంబంధం లేదు," అన్నారు పరబ్రహ్మంగారు, అందరికీ వినబడేటట్టు.

"ఆ ముక్క కూడా కాగితం మీద రాసి సంతకం పెట్టండి," అని ఆమె పెన్ను ఆయన ముందుకు చాపింది.

ఆయన తీసుకోలేదు. ఆమె పెన్ను బల్ల మీద పెట్టి, ఆపరేషన్ కోసం తాళి, గాజులు తీసి పక్కనే నిలబడ్డ ముంతాజ్ చేతికిచ్చి లోపలికి నడిచింది.